రాజలింగం గారు చేయని తప్పు

మంగళవారం పొద్దున యాప్రాల్‌లో మా ఇంటి వరండాలో టీ తాగుతూ ఉండగా శ్రీధర్ ఫోన్ చేశాడు. "సార్, రాజలింగం గారు లేరు. పొద్దున్నే గుండె ఆగిపోయిందంట" అన్నాడు. ఏ రాజలింగం అని అడిగాను. నాకు తెలిసిన రాజలింగం ఒక్కరే. అయినా అడిగాను. పేపరాఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి ఫోన్లు ఎన్నో ఎత్తాను. పేరు, వయసు, ఊరు, కారణం వరసగా అడిగి రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఇంకేదీ అడగలేకపోయాను.

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే రాజలింగం గారు యాభై తొమ్మిదేళ్ళ వయసులో, పనికి బయలుదేరుతూ, గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయారు. భార్య సుగుణమ్మ లోపలి నుంచి టిఫిన్ డబ్బా పట్టుకొచ్చేసరికి ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది.

నేను వెళ్ళేసరికి గల్లీ నిండా జనం. సగం మంది గల్లీవాళ్ళు. మిగతా సగం మెడల్లో కంపెనీ కార్డులు వేలాడుతున్న యువకులు, మాదాపూర్‌లో షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు. ఒక ఏసీ మెకానిక్ చావుకు ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎందుకొచ్చారో పక్కింటి ముసలాయనకు అర్థం కాక నన్నడిగాడు. ఆయన వాళ్ళందరికీ గురువని చెప్పాను. ఇంట్లో అద్దాల ట్యాంకులో ఉప్పునీళ్ళు పోసి, అందులో ప్రాణమున్న పగడాలను బతికించుకోవడం నేర్పిన గురువు.

నా వెనక ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. "అంత జాగ్రత్త మనిషి చేతిలో కూడా ఒక్కసారి పురుగు దాటిపోయింది చూడు" అన్నాడు ఒకడు. "అది ఆయనే చెప్పేవాడు కదరా. తన తప్పు తానే చెప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?" అన్నాడు రెండోవాడు.

నేను గోడ పక్కకు జరిగాను. ఆయన చేతిలో ఏ పురుగూ దాటిపోలేదు. నాలుగేళ్ళ కిందట ఆయన పెద్ద ట్యాంకు చచ్చిపోవడానికి కారణం నేను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. తప్పు తనదేనని నమ్మి, ఆ నమ్మినదాన్నే కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ పాఠంగా చెప్పి, ఆయన వెళ్ళిపోయారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఆయన శిష్యుల్లో ఒకడైన శ్రీధర్ అడిగాడు. ఈ మాట లేకపోతే ఆ నాలుగూ అబద్ధాలవుతాయి. అందుకని ముందే చెప్పేశాను. ఇక ఆయన ఎలాంటి మనిషో చెబుతాను.

పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగే ఎర్ర రాయి గుర్తొస్తుంది. రాజలింగం గారి పగడం ప్రాణి. చిన్న చిన్న నోళ్ళున్న జీవాలు గుంపుగా ఒక రాతిని పట్టుకుని బతుకుతాయి. వెలుతురు పడితే పువ్వులా విచ్చుకుంటాయి, చెయ్యి తగిలితే ముడుచుకుంటాయి. మన తీరాల్లో వాటిని విరగ్గొట్టి తేవడం నేరం. బయటి దేశాల ఫారాల్లో పెంచినవి, కాగితాలతో సహా బొంబాయి మీదుగా వచ్చినవే ఆయన ముట్టుకునేవారు. ఒకసారి ఒక అబ్బాయి తడి కాగితంలో చుట్టి ఒక ముక్క తెచ్చాడు. "రామేశ్వరం వెళ్ళాం అంకుల్, ఒడ్డున దొరికింది" అన్నాడు. రాజలింగం గారు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఒడ్డుకు కొట్టుకొచ్చినదానికి విరిగిన కాడ గింత తెల్లగ ఉంటదా బిడ్డా? నిన్నగాక మొన్న విరగ్గొట్టినవ్. తీస్కపో. నా గడప లోపట పెట్టకు" అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఈ పిచ్చి తనకెలా పట్టిందో ఆయన నవ్వుతూ చెప్పేవారు. ఊరంతా కంపెనీలు లేస్తున్న రోజులు. జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీ యజమాని ఇంట్లో ఉప్పునీటి ట్యాంకును చల్లగా ఉంచే మెషీన్ ఆగిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళారు. "మెషీన్ది పది నిమిషాల పని సార్. నేను రెండు గంటలు గా ట్యాంకు ముందటే కూసున్న. గా పెద్దమనిషి వచ్చి, ఏందయ్యా, అంత ఖరాబయిందా అన్నడు. ఖరాబు మెషీన్‌ల లేదు సార్, నాల షురూ అయింది అన్న."

ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన ఇంటి ముందు గదిలో ఆరడుగుల ట్యాంకు వెలిసింది. అక్కడుండే మంచం లోపలి గదిలోకి పోయింది, లోపలి గదిలో బీరువా వంటింట్లోకి పోయింది. "అందరిండ్లు సముద్రం కాడికి పోతయ్ అన్నా, మా ఇంటికి సముద్రమే వచ్చింది. మేమే వెనక్కి జరిగినం" అనేది సుగుణమ్మ. కోపంగా అనేది కాదు. ట్యాంకు అద్దం మీద ఎవరైనా వేలు పెడితే మాత్రం ఆమెకు కోపం వచ్చేది.

ఆ రోజుల్లో కొత్త ఫ్లాట్ కొన్న ప్రతివాడికీ హాల్లో ఒక ఉప్పునీటి ట్యాంకు ఉండాలని సరదా. తెచ్చిన నెలకు చేపలు తేలేవి, పగడాలు కరిగి బురదయ్యేవి. మళ్ళీ తెచ్చేవాళ్ళు. వాళ్ళ చల్లబరిచే మెషీన్లు బాగుచెయ్యడానికి వెళ్ళి ఆ చావులన్నీ చూసి రాజలింగం గారు తట్టుకోలేకపోయారు. ఆదివారం పూట ఇంటికి రమ్మనేవారు. అలా మొదలైంది పాఠం.

ఆ పాఠంలో సగం మూడు ప్లాస్టిక్ టబ్బులు. కొత్త పగడం వస్తే మొదటి టబ్బులో మందు కలిపిన ఉప్పునీళ్ళలో గడియారం చూసి పది నిమిషాలు ముంచాలి. సూది తీసేసిన సిరంజీతో సందు సందులోకి నీళ్ళు చిమ్మాలి. దాక్కున్న పురుగులు రాలిపడతాయి. రెండో టబ్బులో కడగాలి. మూడో టబ్బులో మళ్ళీ కడిగి, భూతద్దంతో అడుగు భాగం చూడాలి. ఆ నీళ్ళు మోరీలోకి పోవాలి, ట్యాంకులోకి ఒక్క చుక్క పోకూడదు. మిగతా సగం పాఠం ఓపిక. ఆ పగడాన్ని విడిగా ఒక చిన్న ట్యాంకులో నలభై అయిదు రోజులు ఒంటరిగా ఉంచాలి. దానికి వేరే పైపు, వేరే జల్లెడ, వేరే తువ్వాలు.

శ్రీధర్ ఒక ఆదివారం ఆయనతో వాదానికి దిగాడు.

"అంకుల్, మందులో ముంచాం, పురుగులు రాలిపోయాయి. ఇంక నలభై అయిదు రోజులు దేనికి?"

"పురుగు రాలింది బిడ్డా. గుడ్డు రాలిందా?"

"గుడ్డేం కనిపించలేదు."

"కనిపించకుంటె లేనట్టేనా? మీ ఆఫీసుల టెస్టింగోళ్ళు గిట్లనే చెప్తరా?"

"టెస్టింగ్ వాళ్ళు చెప్పరు అంకుల్. మేం డెవలపర్లం, మేమే చెప్తాం."

గది గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. నవ్వాగాక అన్నారు: "మందు పురుగుని చంపుతది. గుడ్డు మీద మందు నడవది. గుడ్డు పగిలి పురుగు బయటపడేదాక మనం కూసోవాలె. పడినంక మళ్ళ ముంచాలె. మందంటే ఏ దుకాణంలనైనా దొరుకుతది. దినాలు ఏడ దొరుకుతయ్? కూసుంటేనే వస్తయ్."

బేగంపేటలో ఒక కంపెనీ పెద్దాయన గృహప్రవేశం నాటికి తన హాల్లో ట్యాంకు నిండుగా ఉండాలని పట్టుబట్టాడు. ఆయన తెప్పించిన పగడాలు అప్పటికి రాజలింగం గారి చిన్న ట్యాంకుల్లో ఉన్నాయి. "ఆదివారం చుట్టాలొస్తున్నారయ్యా, పట్టుకొచ్చి పెట్టెయ్. నువ్వేం అడిగినా ఇస్తా" అన్నాడు. "గృహప్రవేశం మీది సార్, వాటిది కాదు. వాటి ముహూర్తం ఇంకా ఇరవై దినాలున్నది. ఏం అడిగినా ఇస్తనన్నరు గద, గా ఇరవై దినాలియ్యండి" అన్నారు రాజలింగం గారు. గృహప్రవేశం వట్టి నీళ్ళ ట్యాంకుతోనే జరిగింది. ఆ పెద్దాయన మొన్న ఆఖరిచూపుకు వచ్చి గల్లీ మొదట్లో కారు దిగి, చెప్పులు కారులోనే వదిలి నడిచొచ్చాడు.

బొల్లారంలో ఒక రిటైరయిన సుబేదారు ఉండేవాడు. భార్య పోయాక ఆయనకు ఇంట్లో తోడు ఆ రెండు చేపలు, నాలుగు పగడాలే. ఒక వానాకాలం ట్యాంకు పగిలిందని ఫోన్ చేశాడు. రాజలింగం గారు స్కూటరు మీద, కాళ్ళ మధ్య ఉప్పునీళ్ళ క్యాను పెట్టుకుని, నడుము దాకా తడిసి వెళ్ళారు. ఆ రోజు పని పోయింది. అడిగితే, "గా తాత మిల్ట్రీల ఎంతమందిని చూసిండో పోయినోళ్ళని. గీ రెండు చేపలు పోతె సుత ఏడుస్తుండె సార్" అన్నారు.

నేను ఆయన్ని మొదటిసారి కలిసింది ఆదివారం పేజీకి వ్యాసం రాయడానికి. మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"సముద్రం పక్కన పుట్టినోళ్ళు! అయితె చెప్పుండ్రి సార్, నీళ్ళల్ల ఉప్పెంత ఉంటది?"

"నోట్లో పడితే తెలుస్తాదండీ, ఉప్పగా ఉంటాది."

"అంటే కొలవలేదన్నట్టు."

"సముద్రాన్ని ఎవరైనా కొలుస్తారేటండీ?"

"నేను కొలుస్తా సార్, దినాం రెండుసార్లు. నేనైతె ఇంతవరకు దాన్ని చూడలేదు" అని, నా వ్యాసానికి ఇంతకన్నా మంచి వాక్యం దొరకదని తెలిసినట్టే నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆయనకు పేపర్ సార్‌ని. వ్యాసం అచ్చయిన మూడు నెలలకు మా ఇంట్లో కూడా రెండడుగుల ట్యాంకు ఉంది. ఏభయ్యో ఏట ఆదివారం పాఠానికి పలక పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నా మొదటి పగడం ఆకుపచ్చ బటన్లు. చొక్కా గుండీలంత గుండ్రటి పూలు గుంపుగా ఉండే రకం, కొత్తవాళ్ళకు మంచిదని ఆయనే ఎంచారు. ఆయన చేతులతోనే మూడు టబ్బుల్లో ముంచి, కడిగి, తన ఇంట్లోనే చిన్న ట్యాంకులో పెట్టారు. అది పదో రోజున ఉండగా సుగుణమ్మ తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చింది. మే నెల. మూడు రోజులు సిద్దిపేట వెళ్తూ ఇంటి తాళంచెవి నా చేతికిచ్చారు.

"సార్, ఏమన్న తక్లీఫ్ వస్తె పెద్ద ట్యాంకును చూసుకోండి. ఇన్వర్టరు దానికే పెట్టిన. చిన్నదాంట్లది పోతె పోనీయండి, మీకు ఇంకోటి తెప్పిస్త. చిన్నదాంట్లది పెద్దదాంట్లకు మాత్రం పోవద్దు. చెయ్యి సుత" అన్నారు. రెండుసార్లు చెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ రోజుల్లో రెండు గంటల కోత మామూలే. ఆ రోజు గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మూడు గంటలయినా రాలేదు. రేకుల కప్పు కింద చిన్న ట్యాంకు నీళ్ళు వేడెక్కిపోయాయి. నా బటన్లు ముడుచుకుని, వాటి నుంచి జిగురు తీగలు తీగలుగా రావడం మొదలైంది. పక్కనే పెద్ద ట్యాంకులో ఇన్వర్టరు మీద నీళ్ళు చల్లగా, నిశ్శబ్దంగా తిరుగుతున్నాయి. పదకొండు రోజుల కిందట ఆయనే ముంచారు కదా, ఇన్నాళ్ళలో ఒక్క పురుగూ కనిపించలేదు కదా అనుకున్నాను. తీసి పెద్ద ట్యాంకులో కిటికీ వైపు మూలన రాయి మీద పెట్టాను. అరగంటలో అవి విచ్చుకున్నాయి. చాలా సంతోషించాను. కరెంటు వచ్చాక తిరిగి చిన్నదాంట్లో పెట్టి, నేల మీద పడ్డ నీళ్ళు తుడిచాను. మొత్తం రెండు గంటలు.

సిద్దిపేట పెళ్ళివారింటి ఫోన్ నంబరు గోడ క్యాలెండరు మీద రాసి ఉంది. చేసి అడగవచ్చు. వద్దంటారని తెలుసు కాబట్టి చెయ్యలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన వారానికి నాకు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "సార్, జెర వెంటనే రండి" అన్నారు. నేను వెళ్ళేసరికి శ్రీధర్, ఇంకో ఇద్దరు అప్పటికే ఉన్నారు. రాజలింగం గారు చిన్న ట్యాంకు అద్దానికి భూతద్దం ఆనించి పట్టుకున్నారు. అద్దం మీద నువ్వుగింజంత, తుప్పు రంగు పురుగులు నాలుగైదు మెల్లగా జారుతున్నాయి.

"చూడుండ్రి! నేనే ముంచిన. పది నిమిషాలు, గడియారం చూసి. అయినా గుడ్డు ఆగింది, పగిలింది. గిది పెద్దదాంట్ల వడితె? ఖతం! నలభై అయిదు దినాలంటె నవ్విండ్రు గద, ఇప్పుడు నవ్వుండ్రి!" ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న సంతోషం నేను ఇంకెప్పుడూ చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేశారు. "మీ బటన్లే పాఠం చెప్పినయ్ సార్." సుగుణమ్మ పెళ్ళి లడ్డూలు తెచ్చి పెట్టింది. నేను లడ్డూ తిన్నాను.

అప్పుడు చెప్పాల్సింది. ఆ నిమిషంలో చెప్పి ఉంటే పెద్ద ట్యాంకును అదే రోజు గాలించేవారు. పురుగులు పదో పాతికో ఉండగానే సన్న పైపుతో లాగి పారేసేవారు. ఆ సంతోషాన్ని పాడుచెయ్యడం ఇష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ గదిలో నా పరువు పోవడం ఇష్టం లేదు.

రెండు నెలలకు పెద్ద ట్యాంకులో తుప్పు మరకలు కనిపించాయి. మరకలు కదిలాయి. పనికి వెళ్ళేముందు రోజూ ఆయన సన్న పైపు పెట్టి పురుగుల్ని లాగేవారు. సాయంత్రానికి మళ్ళీ అన్నే ఉండేవి. పగడాల మీద దుప్పటిలా పరుచుకుని వెలుతురు తగలనివ్వలేదు. ఇక మందు పొయ్యక తప్పలేదు. ఆ పురుగుల ఒంట్లో విషం ఉంటుంది. అన్నీ ఒక్కసారి చస్తే ఆ విషం నీళ్ళలో కలుస్తుంది. ఆయనకు తెలుసు. డ్రమ్ముల్లో కొత్త ఉప్పునీళ్ళు సిద్ధం చేసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం మేమందరం ఉండగా మందు పోశారు.

గంటలోపే చేపలు పక్కకు ఒరిగాయి. నీళ్ళు తోడాం, పోశాం. ఒక బక్కెట్టు నా చేతిలోనూ ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అందులో కదిలేది ఏదీ లేదు. ఏడేళ్ళ ట్యాంకు. రాజలింగం గారు మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ఉంచి నిలబడ్డారు. తర్వాత చెయ్యి తీసి చూసుకున్నారు.

"నా చేతులే తెచ్చినయ్ సార్. చిన్నదాంట్ల పెట్టిన చెయ్యే ఎప్పుడో మంచిగ తుడుసుకోకుండ పెద్దదాంట్ల పెట్టుంటా."

"ఊరుకోండి, అలా అనుకోకండి" అన్నాను. అంతే అన్నాను.

ఆయన మళ్ళీ ట్యాంకు నింపలేదు. పాఠం మాత్రం ఆపలేదు, శిష్యుల ఇళ్ళకు వెళ్ళి చెప్పేవారు. ప్రతి పాఠం ఒకే మాటతో మొదలయ్యేది: "రూలు చెప్పినోన్ని నేనే. తప్పినోన్ని సుత నేనే. ముందుగాల చేతులు కడుగుండ్రి." ఊళ్ళో పగడాలు అమ్మే ఒకతను నలుగురి ముందూ "నలభై అయిదు దినాల గురువు ఇంట్లోనే పురుగులు పుట్టాయంట కదా" అని ఎగతాళి చేశాడు. ఆయన తలూపి, "పుట్టినయ్ భాయ్, నా గలతీ" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

నా ఆకుపచ్చ బటన్లు బతికాయి. ఆయనే వాటిని మళ్ళీ ముంచి, మళ్ళీ నలభై అయిదు రోజులు ఉంచి, శుభ్రం చేసి నా చేతికిచ్చారు. మా ఇంట్లో అవి రాయి మొత్తం పాకి, పక్క రాయి కూడా ఎక్కాయి. యాప్రాల్ వచ్చినప్పుడల్లా ఆయన వాటి ముందు స్టూలు వేసుకుని కూర్చునేవారు. "ఎంత మంచిగ పాకినయ్ సార్! మీ చెయ్యి మంచిది" అనేవారు. రోజూ పొద్దున ట్యాంకు లైటు వెయ్యగానే అవి ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి. నాలుగేళ్ళుగా నేను వాటి వైపు నేరుగా చూడలేకపోతున్నాను. చంపనూ లేను. ఆయన బతికించినవి.

పదకొండో రోజు కార్యక్రమాలు అయ్యాక మధ్యాహ్నం సుగుణమ్మ దగ్గరకు వెళ్ళాను. ముందు గదిలో ఖాళీ ట్యాంకు అలాగే ఉంది. ఆమె ఆయన పని చొక్కాలు మడతపెడుతోంది. నిలబడే చెప్పాను, మొత్తం. ఆమె మడత ఆపలేదు. నేను ఆగాక అడిగింది.

"ఎన్ని గంటలు పెట్టిండ్రు?"

"రెండు గంటలు, చెల్లెమ్మా."

"ఏ మూలకు?"

చూపించాను. ఆమె ఆ మూల వైపు చాలాసేపు చూసింది.

"అన్నా, మీకెవ్వరికీ తెల్వదు. పాఠాలకు పోయొచ్చినంక గా మూడు టబ్బులు ముందటేసుకొని కూసుంటుండె. వట్టి నీళ్ళు పోసి, చేతిల ఏం లేకున్నా ఉన్నట్టే పట్టుకొని, ముంచుడు, కడుగుడు, తుడుసుడు. 'సుగుణా, నువ్వు చూడవే, నేను ఏడ తప్పు జేస్తున్ననో చెప్పు' అంటుండె. నాకేం తెలుసు? 'అంత మంచిగనే జేస్తున్నవ్' అంటె, 'మంచిగ జేస్తె పురుగు ఎట్లొచ్చిందే' అని మళ్ళ మొదటికెల్లి. నాలుగేండ్లు అన్నా."

ఆమె ఇంకో చొక్కా తీసుకుంది.

"ఓపాలి నేనే అన్న, తాళంచెవి పేపర్ సార్ తాన ఉండె గద అని. కొట్టినంత పని జేసిండు. 'సార్‌కు నేను రెండుసార్లు చెప్పిన. చెప్పినంక చెయ్యడు' అన్నడు. మల్ల ఎన్నడు నేను గా మాట ఎత్తలే."

చొక్కా పక్కన పెట్టింది.

"మీరు చెప్తె కోపం జేస్తుండె. వారం దినాలు మీతోని మాట్లాడకుంటుండె. గంతే గదా. వారం."

"క్షమించమని అడిగే ముఖం లేదమ్మా నాకు."

"నన్నేం అడుగుతరు? పేపర్ల రాస్తున్నరంట గద, శ్రీధర్ చెప్పిండు. గండ్ల రాయుండ్రి. 'ఒక శిష్యుడు' అని రాయకుండ్రి. పేరు పెట్టుండ్రి." అని లోపలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. నా ఉద్యోగంలో ఇతరుల తప్పులకు ఎన్నో రాశాను. ఇది నాలుగేళ్ళు ఆలస్యమైంది. చదవవలసినవారు లేరు. బన్సీలాల్‌పేట రాజలింగం గారి పెద్ద ట్యాంకులోకి పురుగు ఆయన చేతుల నుంచి రాలేదు. తన ఇంటికొచ్చిన ప్రతి పగడాన్నీ ఆయన ముంచారు, కడిగారు, నలభై అయిదు రోజులూ ఆగారు. ఏనాడూ తప్పలేదు. ఆయన వద్దని రెండుసార్లు చెప్పిన పని చేసి, నోరు మూసుకున్నవాడు సనపల రామ్మూర్తి. ఆయన శిష్యులు ఇకమీద కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు, తప్పిందెవరని వాళ్ళడిగితే ఈ పేరు చెప్పండి. రాజలింగం గారిలా నేర్పేవారు ఈ ఊరికి మళ్ళీ దొరకరు. ఆయన చేతులు శుభ్రమైనవి. వాటికి నమస్కరించే అర్హత నాకు లేదు. మీకుంది.